గొప్ప విమానమే, కానీ ఏ యుద్ధంలో?

జెట్ ఫైటర్లలో ఏది గొప్పదని అడిగితే ఎలా చెప్పనురా మనవడా? ఎవరి మీద, ఏ యేడు అని కూడా చెప్పాలి కదా!

బ్రిటన్ వాళ్ల మీటియర్‌నే తీసుకో. 1944లో జర్మన్లు లండన్ మీదికి వదిలిన వీ-1 ఎగిరే బాంబుల్ని తరిమి తరిమి కూల్చింది. 1951లో కొరియాలో, ఆస్ట్రేలియా పైలట్ల చేతిలో, సోవియట్ల మిగ్-15 ముందు తేలిపోయింది. చివరికి దాన్ని నేల మీది లక్ష్యాలను కొట్టే పనికి మళ్లించారు. అప్పటికి ఇంజన్ బలం పెంచిన కొత్త రకమే అది. రెక్కలు మాత్రం పాత పద్ధతిలో తిన్నగానే ఉన్నాయి.

చిక్కంతా ఆ రెక్కలదే. విమానం ధ్వని వేగాన్ని ఇంకా అందుకోకముందే, రెక్క ఉబ్బు మీదుగా పారే గాలి దాన్ని దాటేస్తుంది. అక్కడ షాక్ తరంగం పుట్టి, విమానాన్ని వెనక్కి లాగుతుంది. రెక్కను వెనక్కి వాల్చావనుకో, గట్టు మీదికి ఎడ్లబండిని ఏటవాలుగా తోలినట్టే, గాలికి ఆ ఉబ్బు తక్కువగా తగులుతుంది. మిగ్-15కీ, దానికి సమవుజ్జీ అయిన అమెరికా సేబర్‌కీ రెక్కల వాలు 35 డిగ్రీలే. ఇంకో తమాషా విను: 1946లో బ్రిటన్ ప్రభుత్వమే రోల్స్‌రాయిస్ నీన్ ఇంజన్లను సోవియట్లకు అమ్మింది. మిగ్-15లో పెట్టింది దాని నకలే!

అంతకుముందు జర్మన్ల మెసర్‌ష్మిట్ 262కీ కాస్త వాలు రెక్కలుండేవి. అది బరువు సర్దడానికి చేసిన ఏర్పాటు, వేగం కోసం కాదు. దాని అసలు జబ్బు ఇంజన్‌లో ఉంది. వేడికి ఓర్చే నికెల్ కరువై, మామూలు ఉక్కుకు అల్యూమినియం పూత పూసి దహన గదులు చేశారు. ఆ ఇంజన్ 10 నుంచి 25 గంటలు నడిస్తే గొప్ప. దిగేటప్పుడు వేగం తగ్గుతుంది, ఇంజన్ గబుక్కున పుంజుకోదు. అమెరికా మస్టాంగులు కాచుకుని ఉండి సరిగ్గా అప్పుడే మీద పడేవి.

ఇక మన సంగతి. 1965 సెప్టెంబరు 1న ఛాంబ్‌లో పాకిస్తాన్ సేబర్ల ధాటికి మన పాత వాంపైర్లు నాలుగు కూలాయి. పాపం, వాటిని ఆ పోరుకు పంపడమే తప్పంటాను. రెండు రోజులకు మన నాట్ ఫైటర్లు దిగాయి. ఖాళీగా తూస్తే సేబర్ బరువులో సగం కూడా ఉండదు నాట్. అంత చిన్నది ఆకాశంలో కంటికి ఆనదు, పైకి లేవడంలో మహా చురుకు. అలాగని అది తక్కువ గడుసుదేం కాదు, మంచి సమయంలో దాని తుపాకులు మొరాయించేవి. ఇలాంటి లోపాలు సరిదిద్దే తర్వాత బెంగళూరులో అజీత్ అనే విమానం తయారుచేశారు.