మన గోదావరి లోయ రాక్షసబల్లి

డైనోసార్ అనగానే మిత్రులందరికీ గుర్తొచ్చేది ‘జురాసిక్ పార్క్’ సినిమాయే. 1993లో స్పీల్‌బర్గ్ తీసిన ఆ సినిమా పుణ్యమా అని టైరనోసారస్ పేరు చిన్నపిల్లలకు కూడా తెలిసింది. కానీ తెలుగు ఊరి పేరు మోస్తున్న డైనోసార్ ఒకటుందని మనలో ఎందరికి తెలుసు?

దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. 1970వ దశకం చివర్లో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దాని ఎముకలు దొరికాయి. ఒకటీ రెండూ కాదు, 840! కనీసం 12 జంతువులవని తేల్చారు. 1988లో పి.యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఈ పేరు పెట్టారు. ‘కోట’ అంటే ఆ ఎముకలున్న రాతి పొరల పేరు. సుమారు 9 మీటర్ల పొడవు, అంటే మన రేవులో వేటకెళ్లే పెద్ద పడవంత. ఇంత ఒళ్లున్నా తినేది ఆకులే!

అంతకు ముందే 1961 ప్రాంతంలో, అదే ప్రాణహిత–గోదావరి లోయలో కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు ఇంకా పెద్దదాన్ని తవ్వి తీశారు. దాని తొడ ఎముకే 1.7 మీటర్లు. బెంగాలీలో ‘బడో పా’ అంటే పెద్ద కాలు. అది ఠాగూర్ శతజయంతి సంవత్సరం కూడా కావడంతో బరపాసారస్ టాగోరి అన్నారు.

తమాషా ఏమిటంటే, సినిమా పేరు జురాసిక్ అయినా టైరనోసారస్ ఆ యుగానిది కాదు, చాలా తర్వాతి క్రెటేషియస్ యుగానిది. అసలైన జురాసిక్ జీవులు మన గోదావరివే! ‘రాక్షసబల్లి’ అన్న మాట కూడా సరికాదు. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలతో ‘భయంకరమైన బల్లి’ అని పేరు పెట్టాడు, మనం దాన్నే తెలుగు చేసుకున్నాం. నిజానికి వీటికి బల్లి కంటే మన పెరటి కోడే దగ్గరి చుట్టం.

మరి డొంకూరులో నుయ్యి తవ్వితే డైనోసార్ ఎముక దొరకదా? దొరకదు. ఎముక రాయిగా మారాలంటే నది తెచ్చిన ఒండ్రు దాన్ని త్వరగా కప్పెయ్యాలి. గోదావరి లోయలో అదే జరిగింది. మన ఉద్దానం ఇసుక నిన్నమొన్నటిది. తూర్పు కనుమల ఖోండలైటు రాయి డైనోసార్ల కంటే ఎన్నో కోట్ల ఏళ్ల ముందే, భూమి లోతున విపరీతమైన వేడికి, ఒత్తిడికి తయారైంది.

హైదరాబాద్ వెళ్లినవారు బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అస్థిపంజరాన్ని తప్పక చూడండి. తల దగ్గర మాత్రం కాస్త ఆగండి. తవ్వకాల్లో రెండు పళ్లు తప్ప తల దొరకనేలేదు. ఇంకా ఆ యామన్‌పల్లి మట్టిలోనే ఉందేమో!