పెద్ద చెట్టును క్రేన్‌తో ఎందుకు తీస్తారు?

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో వేలాది చెట్లను కూల్చింది. అలాంటి గాలికి ఇంటి మీదకు ఒరిగిన చెట్టును మొదలు దగ్గరే నరికితే ఎటు పడుతుందో చెప్పలేం. పుచ్చిన మానైతే ఎక్కిన మనిషి బరువుకే విరగవచ్చు. అందుకే క్రేన్ కావాలి.

ముందు కరెంటు ఆపిస్తారు. కొమ్మకు బెల్టు చుట్టి కొక్కేనికి తగిలిస్తారు. బెల్టు ఆ కొమ్మ బరువు కేంద్రం కన్నా పైన ఉండాలి. లేదంటే తెగిన ముక్క తలకిందులై, కోసే మనిషి మీదకే ఊగుతుంది! బెల్టు బిగిశాకే రంపం ఆడిస్తారు. తెగిన ముక్క కింద పడకుండా మెల్లగా దిగుతుంది.

పచ్చి చెక్కలో నీరెక్కువ. ఘనమీటరు దాదాపు 1 టన్ను తూగవచ్చు. క్రేన్ చెయ్యి ఎంత దూరం చాపితే అంత తక్కువ బరువే ఎత్తగలదు. ఆ లెక్క తప్పితే క్రేనే బోల్తా పడుతుంది.

మీ వీధిలో ఈ పని జరిగితే దూరం నుంచే చూడండి. వేలాడే ముక్క కిందికి మాత్రం అస్సలు వెళ్లకండి.