పిల్లలకు యూదుల చరిత్ర ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? బెర్లిన్ మ్యూజియంలో నోవహు ఓడ కథ ఇదీ..!

ఆరేళ్ల పాపను తీసుకుని మ్యూజియానికి వెళ్లారనుకోండి. గోడ మీద ఒక పాత ఫొటో. అందులో అదే వయసు పాప, కోటు మీద పసుపు రంగు నక్షత్రం కుట్టి ఉంది. "అమ్మా, ఆ స్టార్ ఎందుకు పెట్టుకుంది?" అని మీ పాప అడిగింది. ఏం చెబుతారు?

యూదుల చరిత్ర చెప్పే మ్యూజియాలన్నింటికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదులను చంపేశారు. అందులో సుమారు 15 లక్షల మంది పిల్లలే. హోలోకాస్ట్ అని పిలిచే ఈ మారణకాండను దాచిపెడితే చరిత్రకు అన్యాయం. అలాగని మొత్తం ఒకేసారి ఆరేళ్ల పిల్ల నెత్తిన వేస్తే రాత్రికి నిద్రపోదు. మరి ఈ మ్యూజియాలు చిన్నపిల్లలున్న ఫ్యామిలీలను రమ్మని ఎందుకు పిలుస్తున్నాయి? వచ్చినవాళ్లతో ఏం చేయిస్తున్నాయి?

రోడ్డుకు అటు ఇనుప ముఖాలు.. ఇటు చెక్క ఓడ

జర్మనీ రాజధాని బెర్లిన్‌లో యూదు మ్యూజియం 2001లో తెరుచుకుంది. ఆర్కిటెక్ట్ డేనియల్ లిబెస్కిండ్. పైనుంచి చూస్తే బిల్డింగ్ మెరుపు తీగలా వంకరటింకరగా ఉంటుంది. లోపల కావాలనే ఖాళీగా వదిలేసిన ఎత్తైన కాంక్రీటు గదులు ఉన్నాయి. లేకుండా పోయిన మనుషులకు గుర్తుగా ఆ ఖాళీ. ఒక గదిలో నేలంతా ఇనుప ముఖాలే. ఇజ్రాయెల్ శిల్పి మెనాషె కదిష్మాన్ చేసినవి, 10 వేలకు పైగా ఉంటాయి. అన్నీ నోరు తెరుచుకుని ఉన్న ముఖాలు. వాటి మీద నడవొచ్చు. అడుగు వేస్తే ఇనుము ఖంగుమంటుంది, ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తుంది. పెద్దవాళ్లకే గుండె బరువెక్కే చోటు.

రోడ్డు దాటితే సీన్ మొత్తం మారిపోతుంది. ఒకప్పుడు పూల హోల్‌సేల్ మార్కెట్ నడిచిన పెద్ద హాలు అది. అందులో 2021 జూన్‌లో అదే మ్యూజియం పిల్లల కోసం 'అనోహా' అనే విభాగం తెరిచింది. 3 నుంచి 10 ఏళ్ల వాళ్ల కోసం. హాలు మధ్యలో 7 మీటర్ల ఎత్తు, 28 మీటర్ల వ్యాసంతో గుండ్రటి చెక్క ఓడ. చుట్టూ 150 జంతువుల బొమ్మలు. కొత్తగా కొన్నవి కాదు, పాత సామాన్లు, పారేసిన వస్తువులతో కళాకారులు చేసినవి. ముట్టుకోవడం, ఎక్కడం, పాకడం.. పిల్లలకు ఇక్కడ పని ఇదే. చిన్న పడవలు తయారుచేసి నీళ్లలో వదిలి, తేలుతుందా మునుగుతుందా అని చూసుకుంటారు. ఇంకో విషయం.. డిజైన్ దశలోనే బెర్లిన్ స్కూళ్ల పిల్లలతో ఒక సలహా మండలి పెట్టి, వాళ్ల మాట విన్నారు.

ఓడ గుండ్రంగా ఎందుకు అనే డౌట్ రావడం సహజం. మెసపొటేమియా నాటి ప్రళయ గాథల్లో ఓడ గుండ్రంగా ఉంటుంది. బైబిల్ కంటే పాతవి ఆ కథలు. డిజైనర్లు అక్కడి నుంచి ఆలోచన తీసుకున్నారు.

అసలు ఈ కథే ఎందుకు?

నోవహు కథ యూదుల గ్రంథమైన తోరాలో ఉంది. అదే కథ క్రైస్తవుల బైబిల్లో ఉంది. ఖురాన్‌లో నూహ్ ప్రవక్తగా ఉంది. ప్రళయం వచ్చినప్పుడు మనువు పడవను మత్స్యావతారం లాక్కెళ్లిన కథ మనకూ తెలిసిందే. అంటే బెర్లిన్‌లో టర్కీ మూలాలున్న పిల్లాడు వచ్చినా, సిరియా నుంచి వచ్చిన పాప వచ్చినా, తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కొడుకు వచ్చినా.. "ఈ కథ నాకు తెలుసు" అనగలడు. యూదులంటే ఎవరో పరాయి వాళ్లు అనే గోడ గుమ్మం దగ్గరే సగం పడిపోతుంది.

నాకు ఇందులో నచ్చింది మరొకటి. నోవహు కథ పైకి బొమ్మల కథలా కనిపిస్తుంది కానీ, నిజానికి అది వినాశనం కథ. లోకం మునిగిపోతుంది. కొందరే మిగులుతారు. మిగిలినవాళ్లు మళ్లీ మొదలుపెట్టాలి. "ఓడ ఎక్కని వాళ్లు ఏమయ్యారు?" అని ఏదో ఒక పిల్ల అడగక మానదు. ఆ ప్రశ్న పుట్టిందంటే చాలు, రోడ్డు అవతల ఉన్న బిల్డింగ్‌కు ఆ పిల్ల ఏదో ఒకరోజు సిద్ధమవుతుంది. అనోహాలో హోలోకాస్ట్ పాఠం చెప్పరు. కానీ దారి మాత్రం అటే ఉంది.

ఈ ఐడియా బెర్లిన్‌ది మాత్రమే కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో స్కర్బాల్ కల్చరల్ సెంటర్ అనే యూదు సాంస్కృతిక సంస్థ 2007లోనే నోవహు ఓడ గ్యాలరీ తెరిచింది. రెండింటినీ డిజైన్ చేసింది ఒకే సంస్థ, సియాటిల్‌కు చెందిన ఓల్సన్ కుండిగ్. స్కర్బాల్‌లో పిల్లలు చేతులతో తిప్పి ఉరుములు, వాన శబ్దాలు తెప్పిస్తారు. వయొలిన్ పెట్టెలతో చేసిన మొసలి అక్కడ ఫేమస్.

ప్రశ్న అడగడమే ఆచారం

మ్యూజియాల్లో ఫ్యామిలీ వర్క్‌షాపులు ఎక్కువగా పండగల చుట్టూ తిరుగుతాయి. దానికో కారణం ఉంది. యూదుల పండగల్లో పిల్లలు ప్రేక్షకులు కారు. పస్కా పండుగ రాత్రి భోజనం ముందు, ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు లేచి "ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు ప్రత్యేకం?" అనే అర్థం వచ్చే ప్రశ్నలు అడగాలి. అడిగాకే పెద్దవాళ్లు ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడిన కథ చెబుతారు. పళ్లెంలో చేదు ఆకులు, బానిసత్వపు చేదుకు గుర్తు. ఉప్పు నీళ్లు, కన్నీళ్లకు గుర్తు. పండ్లు, గింజలు కలిపి చేసిన తీపి ముద్ద, ఇటుకలకు వాడిన మట్టి అడుసుకు గుర్తు. ఉగాది పచ్చడి తిన్న నాలుకకు ఇది కొత్తగా అనిపించదు. జీవితంలో ఏది ఎంత ఉందో రుచితోనే చెప్పేయడం. భోజనం మధ్యలో పులియని రొట్టె ముక్క ఒకటి దాచేస్తారు. పిల్లలు వెతికి పట్టుకుంటే బహుమతి. చిన్నవాళ్లు నిద్రపోకుండా కూర్చోబెట్టే ట్రిక్ అన్నమాట!

హనుక్కాకు రోజుకో దీపం చొప్పున 8 రోజులు పెంచుకుంటూ వెలిగిస్తారు. నూనెలో వేయించిన వంటకాలు చేస్తారు. నాలుగు పలకల బొంగరం తిప్పుతారు. ఇవన్నీ మ్యూజియం బల్ల మీద పిల్లల చేతుల్లో పెడితే, యూదులంటే వాళ్లకు ముందు తెలిసేది పండగ చేసుకునే మనుషులుగా. మన స్కూల్లో మాత్రం యూదులు అనే మాట మొదటిసారి హిట్లర్ పాఠంలోనే వినపడింది. చనిపోయినవాళ్ల లెక్కగానే వాళ్లు మనకు పరిచయం. తేడా ఇక్కడే ఉంది.

రాజు పేరు పెట్టుకున్న గది

పోలండ్ రాజధాని వార్సాలో పోలిన్ మ్యూజియం ఉంది. పోలండ్‌లో వెయ్యేళ్ల యూదుల చరిత్రను చెప్పే ఈ మ్యూజియం ప్రధాన ప్రదర్శన 2014లో మొదలైంది. అందులో 8 గ్యాలరీలు. హోలోకాస్ట్ వాటిలో ఒకటి. మిగతావన్నీ బతుకు గురించే.. వ్యాపారం, చదువు, ఊళ్లు, వీధులు. మ్యూజియం నిలబడింది మాత్రం నాజీల కాలపు వార్సా గెట్టో ఉన్న నేల మీదే.

ఇక్కడ పిల్లల కోసం ఉన్న చోటుకు 'మాచుష్ రాజు' పేరు పెట్టారు. మాచుష్ నిజం రాజు కాదు. చిన్నతనంలోనే సింహాసనం ఎక్కి, పిల్లలకు పార్లమెంటు పెట్టిన కథలోని రాజు. ఆ పుస్తకం రాసింది యానుష్ కోర్చాక్. వృత్తి రీత్యా పిల్లల డాక్టర్. 1912 నుంచి వార్సాలో యూదు అనాథ పిల్లల ఆశ్రమం నడిపాడు. అక్కడ పిల్లలే నడిపే కోర్టు ఉండేది. తప్పు చేస్తే టీచర్ల మీద, చివరికి కోర్చాక్ మీద కూడా కేసు పెట్టొచ్చు. పెట్టారు కూడా! పిల్లలు రాసే పత్రిక ఒకటి మొదలుపెట్టాడు.

1942 ఆగస్టులో నాజీలు ఆ ఆశ్రమం పిల్లలను, దాదాపు 200 మందిని, ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు. తప్పించుకునే అవకాశాలు కోర్చాక్‌కు వచ్చాయి. ఆయన పిల్లలను వదలలేదు. వాళ్లతోపాటే రైలు ఎక్కాడు. ఎవరూ తిరిగి రాలేదు.

ఆ రాజు పేరున్న గదిలో ఇవాళ పిల్లలు బొమ్మలు వేస్తారు, కథలు వింటారు, అల్లరి చేస్తారు. ఐదేళ్ల పిల్లకు మాచుష్ ఒక సరదా రాజు. పదకొండేళ్లకు ఆ పుస్తకం రాసింది ఎవరని అడుగుతుంది. అప్పుడు చెప్పాల్సింది అమ్మానాన్నలే. మ్యూజియం ఆ పేరును గుమ్మం మీద ఉంచి, సమయాన్ని వాళ్లకు వదిలేసింది.

తొమ్మిదేళ్లు దాటితే?

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ జ్యూయిష్ హెరిటేజ్ 2023లో 9 ఏళ్లు, ఆ పైబడిన పిల్లల కోసం హోలోకాస్ట్ మీదే ఒక ఎగ్జిబిషన్ పెట్టింది. అయితే ఎంచుకున్న కథ డెన్మార్క్‌ది. 1943లో యూదులను పట్టుకెళ్తారని తెలియగానే, డెన్మార్క్‌లో మామూలు జనం, జాలర్లు కలిసి 7 వేల మందికి పైగా యూదులను పడవల్లో స్వీడన్ దాటించారు. ప్రమాదం ఏంటో పిల్లలకు అర్థమవుతుంది. పక్కింటివాళ్లు ఏం చేయగలరో కూడా అర్థమవుతుంది. చాలా దేశాల్లో ఇలా జరగలేదన్న సంగతి మాత్రం పక్కన ఉన్న పెద్దవాళ్లు చెప్పాలి. లేకపోతే చరిత్ర అంతా సుఖాంతమే అనుకునే ప్రమాదం ఉంది.

మనకు దగ్గర్లో ఏముంది?

బెర్లిన్, న్యూయార్క్ అందరికీ కుదరదు కదా. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. బెనె ఎఫ్రాయిమ్ అంటారు వాళ్లను. అయితే అది వాళ్లు బతికే ఊరు, టూరిస్ట్ స్పాట్ కాదు.

పిల్లలతో వెళ్లాలంటే కేరళ బెస్ట్. కొచ్చి మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ ఉంది. నేల మీద చైనా నుంచి తెచ్చిన నీలం, తెలుపు పలకలు. చేత్తో రంగులేసినవి. ఒకదానిలా ఇంకొకటి ఉండదంటారు. పిల్లలకు అదే ఆట.. ఒకేలా ఉన్న రెండు పలకలు వెతికి చూపించమనండి. అక్కడి నుంచి పరవూర్, చేందమంగళం వెళ్తే, పాత సినగాగ్‌లనే కేరళ యూదుల మ్యూజియాలుగా మార్చారు. కొచ్చి యూదుల్లో దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్లి స్థిరపడ్డారు. ఎవరూ తరిమితే వెళ్లలేదు. శతాబ్దాల పాటు ఇక్కడ బతికి, వాళ్లంతట వాళ్లే వెళ్లారు.

పరదేశి సినగాగ్‌లో చెప్పులు బయటే వదలాలి. శనివారం యూదులకు విశ్రాంతి దినం కాబట్టి సందర్శకులను అనుమతించరు, యూదుల పండగ రోజుల్లోనూ మూసే ఉంటుంది. టికెట్లు బుక్ చేసుకునే ముందు క్యాలెండర్ ఒకసారి చూసుకోండి.