చలిగాలిలోని వేడి

మన కుటుంబములలోని పిల్లలు చదువులకును, ఉద్యోగములకును మినియాపోలిస్, టొరొంటో, బోస్టన్ వంటి శీతల నగరములకు పోయి, అచ్చటనే ఇండ్లు కొని స్థిరపడుచున్నారు. పాత ఇల్లు కొన్నవారికి కొలదికాలములోనే ఒక ప్రశ్న ఎదురగును. ఇంటిని వెచ్చగా ఉంచు కొలిమి పాతబడినది. దాని స్థానమున మరల కొలిమినే పెట్టుటయా, లేక ‘హీట్ పంపు’ అను విద్యుద్యంత్రమునకు మారుటయా? ఇది వేలకొలది డాలర్ల వ్యవహారము. ఒకసారి నిశ్చయించినచో పదునైదేండ్లవరకు దానితోనే కాపురము. అచ్చట ఇల్లు చల్లబడుట అసౌకర్యము మాత్రమే కాదు. గోడలలోని నీటి గొట్టములు గడ్డకట్టి పగిలిన, ఇల్లంతయు నీటిపాలగును.

హీట్ పంపు మనకు తెలియని వింత కాదు. మండువేసవిలో విజయవాడ వీధులలో నడచువారికి, ఏ.సి. పెట్టెల వెనుకనుండి వడగాలి తగులుట అనుభవమే. గదిలోని వేడిని తోడి ఆ యంత్రము వీధిలో పారబోయుచున్నది. అదే యంత్రము విపరీతక్రమమున పని చేసినచో, వీధిలోని వేడిని తోడితెచ్చి గదిలో పోయును. ఈ సూత్రముచే భవనములను వెచ్చజేయవచ్చునని, తరువాత లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధికెక్కిన విలియం థామ్సన్ 1852లోనే ప్రతిపాదించెను. 1938 నాటికి స్విట్జర్లండునందలి జ్యూరిచ్ నగరభవనమును లిమ్మాట్ నదీజలములలోని వేడితో వెచ్చజేయుచుండిరి.

మంచు కురియు వీధిలో వేడి యెక్కడిదని శ్రోతలు అడుగవచ్చును. వేడి, చలి అనునవి మన చర్మము చెప్పు మాటలు. నీరు 100 డిగ్రీలకడ మరగును. ఈ యంత్రపు గొట్టములలో తిరుగు ఆర్-32 వంటి ద్రవము, సాధారణ పీడనమున, సున్నకు సుమారు 52 డిగ్రీల దిగువననే మరగును. అట్టి ద్రవమునకు సున్నకు 20 డిగ్రీల దిగువనున్న గాలియు పొయ్యివంటిదే. ఆ గాలినుండి వేడిని గ్రహించి అది ఆవిరియగును. కంప్రెసరు ఆ ఆవిరిని అదిమిపెట్టగా అది మిక్కిలి వేడెక్కి, ఇంటిలోనికి వచ్చి తన వేడిని విడిచి, తిరిగి ద్రవమై బయటికి పోవును. ఇచ్చట విద్యుత్తు వేడిని పుట్టించుటకు కాక, మోసికొని వచ్చుటకు ఖర్చగుచున్నది. బయట 8 డిగ్రీలున్ననాడు ఒక యూనిట్ విద్యుత్తుతో మంచి యంత్రము మూడున్నర, నాలుగు యూనిట్ల వేడిని తేగలదు. సున్నకు 15 డిగ్రీల దిగువన రెండింటికి అటునిటుగా తెచ్చును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఇంటికి వేడి యేనాడు ఎక్కువ కావలయునో, ఆనాడే యంత్రపు సత్తువ తగ్గును.

పూర్వపు యంత్రములు గట్టి చలికి చేతులెత్తివేసెడివి. కంప్రెసరు వేగమును అవసరమునుబట్టి మార్చుకొను ఇన్వర్టర్ పద్ధతి వచ్చిన పిమ్మట పరిస్థితి మారినది. నేడు నార్వేలో సగమునకు మించిన ఇండ్లలో ఈ యంత్రములున్నవి. అమెరికాలో ఈశాన్యపు కొననున్న మెయిన్ రాష్ట్రము, 2025 నాటికి లక్ష హీట్ పంపులు పెట్టించవలెనని 2019లో సంకల్పించి, 2023లోనే ఆ సంఖ్యను దాటినది. కనుక చలిలో పని చేయునా అను ప్రశ్నకు కాలము చెల్లినది. మన యింటికి కలిసివచ్చునా అనునదే మిగిలినది. దానికి ఇప్పుడున్న ఇంధనమేదో చూచుకొని లెక్క వేయవలెను.

మెయిన్‌లో అధికసంఖ్యాకులు నూనె కొలిములవారు. ఒక గ్యాలను నూనెలో సుమారు 40 యూనిట్ల వేడి కలదు. కొలిమి వృథా పోగా ఇంటికి దక్కునది 34. గ్యాలను ధర 3 డాలర్ల 40 సెంట్లనుకొందము. యూనిట్ వేడికి 10 సెంట్లు పడినది. విద్యుత్తు యూనిట్ 15 సెంట్లనుకొన్నచో, అది నూనె వేడికి ఒకటిన్నర రెట్లు. శీతకాలమంతటికి సగటున రెండున్నర రెట్లు వేడి తెచ్చు యంత్రము ఈ ఇంట నిశ్చయముగా ఆదా చేయును. ఇక మినియాపోలిస్ వంటి గ్యాసు నగరమునకు వత్తము. ఒక థెర్ము గ్యాసునుండి మంచి కొలిమి 28 యూనిట్ల వేడినిచ్చును. థెర్ము ధర డాలరు 10 సెంట్లయినచో యూనిట్ వేడికి 4 సెంట్లే. అదే విద్యుత్తు ఇచ్చట గ్యాసు వేడికి దాదాపు నాలుగు రెట్లు! రెండున్నర రెట్ల యంత్రము ఈ భారమును మోయలేదు. ఈ ధరలు లెక్క కొరకు అనుకొన్నవి. ఎవరి బిల్లులోని ధరలను వారు వేసికొనవలెను. వట్టి విద్యుత్ హీటర్లతో ఇల్లు కాచుకొనువారికి మాత్రము ఇంత లెక్కయు అక్కరలేదు, వారికిది లాభమే.

అయితే గ్యాసు ఇంటివారు దీనిని తలపెట్టనే రాదా? వేసవి ఏ.సి. చెడిపోయినప్పుడు దాని స్థానమున హీట్ పంపు పెట్టించి, కొలిమిని అట్లే ఉంచుకొనుట నాకు ఉచితముగా తోచుచున్నది. శరత్తులోను, వసంతములోను పంపు పని చేయును. గడ్డు చలిలో కొలిమి అందుకొనును. గ్యాసును తక్కువగా కాల్చవలెనను పట్టుదల గలవారికిని ఇది మొదటి మెట్టు.

యంత్రముకంటె ముందు ఇంటిని చూడవలెను. ద్వారమునకు పెద్ద ఫ్యానును బిగించి లోని గాలిని బయటికి లాగి, చలిగాలి యెచ్చటెచ్చట చొరబడుచున్నదో కనిపెట్టు పరీక్ష యొకటి కలదు. ఆ సందులు పూడ్చి, అటకపై ఉష్ణనిరోధకపు పొరను దట్టముగా పరపించినచో చిన్న యంత్రమే చాలును. గదుల వైశాల్యమును మాత్రమే అడిగి పరిమాణము చెప్పు అమ్మకపువానిని నమ్మరాదు. గడచిన శీతకాలపు బిల్లులను చూపి, వేడి నష్టమును లెక్కగట్టి చూపుమని అడుగవలెను. పాత ఇండ్లలోని ఇనుప రేడియేటర్లలో 70, 80 డిగ్రీల నీరు పారును. హీట్ పంపులు సాధారణముగా 50 డిగ్రీల నీటితో సుఖముగా పని చేయును. అట్టి ఇండ్లలో రేడియేటర్లు చాలునో చాలవో ముందే తేల్చుకొనవలెను.

2019 జనవరి 30న మినియాపోలిస్‌లో సున్నకు 33 డిగ్రీల దిగువకు చలి దిగినది. అట్టి రాత్రి కొరకు కొలిమియో, విద్యుత్ తీగచుట్టయో, కట్టెల పొయ్యియో తోడుండవలసినదే. కరెంటు పోయినచో హీట్ పంపు ఆగునని కొందరు వెనుకాడుదురు. గ్యాసు కొలిమిలోని ఫ్యానుకును కరెంటే ఆధారమని వారు మరచుచున్నారు.

శీతకాలమున పిల్లలను చూడబోవు పెద్దలకొక మాట. కొలిమి వేడిగాలిని విసరికొట్టును. హీట్ పంపు గోరువెచ్చని గాలిని ఎడతెగక వదలును. చేయి పెట్టి చూచి, ‘ఇది పని చేయుటలేదు’ అని అల్లునితో అనకుడు. వెలుపలి పెట్టె అప్పుడప్పుడు పొగలు గ్రక్కినట్లు కనిపించినను భయము లేదు. తనపై పేరుకొన్న మంచును కరిగించుకొనుచున్నదన్నమాట. ఆ నీరు పోవుటకు దారియు, హిమపు మట్టముకంటె ఎత్తైన పీటయు దానికుండవలెను.

హీట్ పంపులపై అమెరికా కేంద్రప్రభుత్వమిచ్చిన పన్ను రాయితీ, 2025 డిసెంబరు 31 తరువాత అమర్చిన యంత్రములకు లేదు. రాష్ట్రములును, విద్యుత్ సంస్థలును ఇచ్చు సహాయము ప్రాంతమునకొక విధముగా నుండును; సంతకము పెట్టుటకు ముందే విచారింపవలెను. కొలిమి జనవరిలో ఆగిపోయినచో విచారించుటకు వ్యవధి యుండదు. ఎవడు ముందు వచ్చిన వాడు పెట్టినదే యంత్రము. పని కుదుర్చుకొనువారు జూన్, జూలై మాసములలోనే ఇద్దరు ముగ్గురిని పిలిపించి, సున్నకు 15 డిగ్రీల దిగువన ఆ యంత్రమెన్ని యూనిట్ల వేడి నిచ్చునో కాగితముపై వ్రాయించుకొనవచ్చును.