చక్రాల ఇంటిని ఏ కారైనా లాగేస్తుందా?

అమెరికాలో సెలవులొస్తే చాలా కుటుంబాలు మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న చిన్న ఇంటిని కారు వెనక తగిలించుకుని బయల్దేరతాయి. దాన్నే ట్రావెల్ ట్రైలర్ అంటారు. ఇంజనుకు బలముంటే చాలు కదా, ఇంకేం చూడాలి అని మీకు అనిపించవచ్చు. నిజానికి చదును రోడ్డు మీద లాగడం అంత కష్టమేం కాదు, చక్రాలు దొర్లుతూ వచ్చేస్తాయి. కష్టమంతా దాన్ని ఆపడంలో, వంకర పోకుండా నడపడంలో ఉంది. వేగం రెట్టింపైతే బ్రేకులు అణచాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. అందుకే చాలా ట్రైలర్లకు సొంత బ్రేకులు కూడా పెడతారు.

ఇక కారునూ ట్రైలర్‌నూ కలిపే కొక్కెం దగ్గరికి రండి. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచిపోతుంది. ట్రైలరూ అంతే. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఆ కొక్కెం మీద ఆనాలి. బాగా తగ్గితే ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగుతూ కారునే పక్కకు ఈడ్చేస్తుంది, అది చాలా ప్రమాదం. 1,500 కిలోల ట్రైలరైతే కొక్కెం మీద 150 నుంచి 225 కిలోలు పడాలన్నమాట. లోపల కూర్చున్న అమ్మానాన్నలు, పిల్లలు, సామాన్లతో పాటు ఆ బరువునూ కారే మోయాలి. మరి తేలికపాటి ట్రైలర్ కొంటే సరిపోదా? ఆ తేలిక ఖాళీగా ఉన్నప్పటిది. లీటరు నీళ్లంటే కిలో బరువు, ట్యాంకులో 100 లీటర్లు పోస్తే 100 కిలోలు పెరిగినట్టే. గిన్నెలు, దుప్పట్లు, గ్యాస్ సిలిండర్లు వేరే. కాబట్టి ట్రైలర్‌ను నిండుగా సర్ది కాటా మీద తూచాలి. కారు ఎంత లాగగలదో చూసి ఊరుకోకుండా, డ్రైవరు తలుపు తీస్తే పక్కన అతికించి ఉండే మోత పరిమితినీ చదవాలి.