ఆర్వీ బండిలో ఫ్రిజ్ ఎందుకు మొరాయిస్తుంది? అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం

ఈసారి పొలం సంగతి పక్కన పెడుతున్నాను. అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు, అమ్మానాన్నల్ని ఎల్లోస్టోన్ చూపిద్దామని ఆర్వీ బండి అద్దెకు తీసుకున్నాడు. ఆర్వీ అంటే మంచం, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉండే చక్రాల ఇల్లు. రెండో రోజు పొద్దున చూస్తే ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయినయ్. లోపల 15 డిగ్రీలు ఉంది. పాలు పోతే పోయినయ్, అమ్మ ఇన్సులిన్ పెన్నులు కూడా అందులోనే ఉన్నాయి. అదీ అసలు భయం.

అద్దెకిచ్చినాయనకి ఫోన్ చేస్తే, "బండి మట్టంగా ఉందా?" అని అడిగాడు. వీళ్ళకి ఒళ్ళు మండింది. ఫ్రిజ్ చెడిపోతే మట్టం సంగతెందుకు? కానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే. రాత్రి బండి ఆపింది ఏటవాలు జాగాలో.

మనింట్లో ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉంటుంది. చాలా ఆర్వీల్లో ఉండే ఫ్రిజ్‌కి అది ఉండదు. దీన్ని అబ్జార్ప్షన్ ఫ్రిజ్ అంటారు. 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టారు. ఇనుప గొట్టాల్లో అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ నింపి సీలు వేస్తారు. కింద గ్యాస్ మంటో, కరెంటు హీటరో పెడితే ఎసరు పొంగినట్టు అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పైన వేడిని బయటికి వదిలి ద్రవం అవుతుంది. అక్కణ్ణుంచి ఫ్రిజ్ లోపలి గొట్టాల్లోకి వచ్చి, హైడ్రోజన్‌తో కలిసి మళ్ళీ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. చివరికి నీళ్ళలో కలిసి కిందికి జారుతుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. తోసేది మంట, కిందికి దించేది వాలు.

అందుకే బండి ఒరిగితే ద్రవం వెనక్కి చేరదు. బాయిలర్ ఎండిపోయి మాడుతుంది. గొట్టాలకి తుప్పు పట్టకుండా అందులో కలిపిన సోడియం క్రోమేట్ గడ్డకట్టి సన్న గొట్టాన్ని మూసేస్తుంది. ఒక రాత్రికైతే చల్లదనం పోయి ఊరుకోవచ్చు. పదేపదే అదే చేస్తే కూలింగ్ యూనిట్ మొత్తం మార్చాల్సిందే, ఆ ఖర్చు మామూలుగా ఉండదు. ఫ్రిజ్‌ని ఊడదీసి బోర్లిస్తే బాగవుతుందని చెప్పేవాళ్ళున్నారు, నేనైతే దాన్ని నమ్ముకోను. బండి నడుస్తున్నప్పుడు మాత్రం ద్రవం అటూ ఇటూ కదులుతుంది కాబట్టి ఘాట్ రోడ్డు గురించి బెంగ అక్కర్లేదు. ఆపి నిలబెట్టినప్పుడే జాగ్రత్త.

ఫ్రిజ్ వెనక పసుపు పొడి కనపడినా, ముక్కు అదిరే అమ్మోనియా వాసన వచ్చినా అది లీకు. గ్యాస్, కరెంటు ఆపేసి అందరూ కిందికి దిగండి. తేలిగ్గా తీసుకోవద్దు. బాయిలర్ గొట్టం పగిలి మంట అంటుకునే ప్రమాదం ఉందని డొమెటిక్ కంపెనీ 2006లో 9 లక్షలకు పైగా ఫ్రిజ్‌లను రీకాల్ చేసింది. పాత బండి కొనేవాళ్ళు మోడల్, సీరియల్ నంబరు పెట్టి రీకాల్ ఉందేమో చూసుకోండి.

ఇంకో సంగతి ఎత్తు. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడి గ్యాస్ మంట సరిగా మండదు. 5,500 అడుగులు దాటితే కరెంటు మీద నడపమంటారు. ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల పైన ఉంది. ఆ పార్కులో బండికి కరెంటు కనెక్షన్ ఇచ్చేది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కచోటే. ఇది ముందే చూసుకుని బుక్ చేసుకోవాల్సింది, మావాడు చూసుకోలేదు.

బర్నర్‌లో సాలీడు గూడు, గాలి సందుల్లో కందిరీగల గూడు కూడా మామూలే. మంట నీలంగా ఉండాలి. గ్యాస్ మీద నడిచినా దాని బోర్డుకి 12 వోల్టుల బ్యాటరీ కావాలి. బ్యాటరీ నీరసిస్తే ఫ్రిజ్ ఆగిపోతుంది, మనమేమో గ్యాస్ అయిపోయిందనుకుంటాం.

ఈ ఫ్రిజ్ మెల్లగా చల్లబడుతుంది. బయల్దేరే ముందు రోజే ఆన్ చెయ్యండి. మనవాళ్ళు వేడి సాంబారు గిన్నె నేరుగా తోసేస్తారు, ఇందులో అది కుదరదు. లోపల థర్మామీటర్ పెట్టండి, 4 డిగ్రీలు దాటకూడదు. దాటి రెండు గంటలైతే పాలు, మాంసం పారేయడమే.

కొత్త బండ్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి. వాటికి వాలుతో పెద్ద ఇబ్బంది లేదు గానీ బ్యాటరీని తాగేస్తాయి. సోలార్ బాగా ఉంటే అవే మేలు. కరెంటు లేని అడవిలో నాలుగు రోజులు ఉండేవాళ్ళకి ఇప్పటికీ గ్యాస్ ఫ్రిజ్జే నయం.

అమ్మ పెన్నులు పారేయక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి లెక్కపెట్టి 28 రోజుల్లో వాడేయమని ఫార్మసీలో చెప్పారు. మీ మందుకి గడువు ఎంతో మీరూ అడిగి తెలుసుకోండి. గడ్డకట్టిన ఇన్సులిన్ మాత్రం వాడకూడదు, అందుకే లోపలి చల్లటి రేకులకి ఆనించి పెట్టొద్దు.

తర్వాత మావాడు హార్డ్‌వేర్ షాపులో ఒక రసమట్టం, నాలుగు చెక్క దిమ్మలు కొన్నాడు. ఫ్రీజర్ అడుగున రసమట్టం పెట్టి, దిమ్మల మీదకి చక్రం ఎక్కించి, బుడగ మధ్యకి వచ్చేదాకా ఎలా సరిచెయ్యాలో తనే వీడియో తీసి పంపాడు. కింద పెట్టాను, చూడండి.