వివిక్త కణజాలంపై అడ్రినలిన్ ప్రభావం – కాల్షియం పాత్ర

1882లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను వేరుచేసి, లవణ ద్రావణంలో చాలాసేపు స్పందించేటట్లు చేయగలిగారు. ఆ ద్రావణాన్ని స్వేదనజలంతో కాక కొళాయి నీటితో కలిపినట్లు తర్వాత తెలిసింది. స్వేదనజలంతో ప్రయోగాన్ని తిరిగి చేయగా స్పందన త్వరలోనే క్షీణించింది. నీటిలోని కాల్షియమే ఈ తేడాకు కారణమని 1883లో ఆయన తన పూర్వ నిర్ణయాన్ని తానే సవరించుకున్నారు. బోరునీటి కాఠిన్యం ఊరూరికీ మారే ఉత్తర తెలంగాణలో, కాగజ్‌నగర్ వంటి పట్టణంలోని కళాశాల ప్రయోగశాలకు ఈ ఉదంతం నేటికీ వర్తిస్తుంది.

అడ్రినలిన్ హృదయ కండరంలోని బీటా గ్రాహకాలతో బంధం ఏర్పరచుకున్నప్పుడు కణంలో చక్రీయ ఏఎంపీ పెరుగుతుంది. దాని ఫలితంగా కణత్వచంలోని కాల్షియం మార్గాలు మరింతగా తెరుచుకుంటాయి. బాహ్య ద్రావణంలో ఆ అయాన్ లేనప్పుడు హార్మోన్ మోతాదు ఎంత పెంచినా సంకోచబలం పెరగదు.

రక్తనాళాల విషయం ఇంత సరళం కాదు. కాల్షియం లేని ద్రావణంలో ఉంచిన కుందేలు బృహద్ధమని ముక్కకు నార్ అడ్రినలిన్ ఇస్తే, మొదట స్వల్పకాలిక సంకోచం కనిపిస్తుంది. ఆల్ఫా-1 గ్రాహకాల ప్రేరణతో కణాంతర జాలకంలోని నిల్వ కాల్షియం విడుదల కావడమే ఇందుకు కారణం. నిల్వ తరిగాక ఇచ్చిన రెండో మోతాదుకు స్పందన నామమాత్రమే. కాల్షియంను తిరిగి చేర్చితే సంకోచం మళ్లీ మొదలై నిలకడగా కొనసాగుతుంది. ఆ నిల్వను నింపే పంపుకు ఏటీపీ అవసరం; 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేసిన వారిలో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

పరిశోధకులు ఎక్కువగా పొరబడే చోటు పేగు కండరం. కుందేలు పేగు సహజ సంకోచాలను అడ్రినలిన్ అణచివేస్తుంది. కాల్షియం బాగా తగ్గితే ఆ సంకోచాలే ఆగిపోతాయి. అణచివేయడానికి ఏమీ మిగలదు. అప్పుడు నమోదైన సరళరేఖను చూసి హార్మోన్‌కు ప్రభావం లేదనడం, గ్రాహకాలు నశించాయనడం రెండూ తప్పే. ఇదే గుణాన్ని కొన్ని ప్రయోగాల్లో కావాలనే వాడుకుంటారు: ఎలుక గర్భాశయానికి వాడే డి జలాన్ ద్రావణంలో సహజ సంకోచాలను అదుపులో ఉంచడానికి కాల్షియంను తక్కువగా ఉంచుతారు. క్రెబ్స్ ద్రావణంలో అది సాధారణంగా 2.5 మిల్లీమోలార్. కనుక ఈ రెండు ద్రావణాల్లో నమోదైన మోతాదు–స్పందన రేఖలను నేరుగా పోల్చడం సమంజసం కాదు. కాల్షియం మార్గాలను నిరోధించే ఔషధం అడ్రినలిన్ స్పందనను తగ్గించినంత మాత్రాన అది గ్రాహక నిరోధకమని నిర్ణయించడమూ తొందరపాటే.

ద్రావణం తయారీలో ఒక చిన్న జాగ్రత్త చాలామంది విస్మరిస్తారు. బైకార్బనేట్, ఫాస్ఫేట్ ఉన్న ద్రావణానికి కాల్షియం క్లోరైడ్‌ను గాఢంగా, ముందుగానే కలిపితే తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. మిగతా లవణాలను కరిగించి, తగినంత పలుచన చేసి, కార్బన్ డయాక్సైడ్ కలిసిన ఆక్సిజన్‌ను పంపిన తరువాత దానిని చివరగా చేర్చాలి. అవక్షేపం అడుగున చేరితే పైనున్న ద్రవం తేటగానే కనిపిస్తుంది. కణజాలానికి అందే కాల్షియం మాత్రం పుస్తకంలో రాసుకున్న అంకె కన్నా తక్కువ.